గాలి పోయిన జాడ

సూరతు నగరమునకు తూర్పున, పల్సానా తాలూకాలో, ఢిల్లీనుండి ముంబయి మీదుగా చెన్నపురికి పోవు 48వ జాతీయ రహదారియు, హజీరా రేవునుండి ధూలియా, నాగపురము, రాయపూరుల మీదుగా ఒడిశాతీరమున పారాదీపునకు పోవు 53వ జాతీయ రహదారియు ఒండొంటిని ఖండించుకొను చోట కడోదరా యను ఊరు గలదు. పూర్వము ఈ మార్గములకు 8, 6 అను సంఖ్యలుండెడివి. 2010లో ప్రభుత్వము సంఖ్యలను మార్చినను పాత అంకెలనే పలుకువారు నేటికిని లేకపోలేదు. బట్టకు రంగులద్దు మిల్లులు, వాని బాయిలర్లకు బొగ్గు తెచ్చు లారీలు, చల్థాను పంచదార కర్మాగారమునకు చెరకు తోలు బండ్లు, దక్షిణాదికి చీరల పార్సిళ్లు మోసికొనిపోవు వాహనములు, వీనియన్నిటి నడుమ ఆ నాలుగురోడ్ల కూడలి పగలనక రాత్రియనక హోరెత్తుచునే యుండును. సూరతులోని మగ్గాల పేటలలో కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ ప్రాంతములనుండి తరలివచ్చిన పద్మశాలి కుటుంబములు తరములుగా స్థిరపడియున్నవి. సూరతు నగరపాలక సంస్థ ప్రాథమిక పాఠశాలలలో తెలుగు మాధ్యమము సయితము ఉండుటయే ఇందుకు నిదర్శనము.

అట్టి కుటుంబమునుండి వచ్చి, మగ్గమునకు బదులు పికప్ బండిని జీవనాధారముగా చేసికొన్న యువకు నొకని ఊహింతము. మిల్లులో పార్సిళ్లు ఎక్కించిన వెంటనే బండి వెనుకభాగము క్రుంగి, హెడ్‌లైట్ల వెలుగు రోడ్డుమీద గాక చెట్లకొమ్మలమీద పడుచుండగా, కమానుకట్టలో మరియొక పట్టా వేయించినచో ఖాళీగా తిరిగివచ్చునపుడు కుదుపునకు నడుము నిలువదని జంకి, అతడు ఎయిర్ బెలోల కిట్టు నొకదానిని తెప్పించుకొని, సెలవునాడు ఇంటిముందర బండి నిలిపి, స్పానర్ల పెట్టె దగ్గర పెట్టుకొని, తానే బిగించుకొనును. సాయంకాలమునకు గాలి నింపి చూడగా బండి నిటారుగా లేచి నిలుచును. మరునాటి యుదయమున చూడగా అది ఒకప్రక్కకు ఒరిగియుండును. అంతట అతడు ఎరిగిన మెకానిక్కునకు ఫోను చేసి, “అన్నా, రాత్రి అరవై కొట్టిన, పొద్దుగాల సూస్తే ముప్పై గూడ లేదు. బెలో పోయిందంటవా?” అని యడుగును. ఆ మెకానిక్కు అనుభవశాలియైనచో బెలో మాట యెత్తక, “సబ్బునీళ్లు కొట్టి సూసినవా తమ్మీ?” అని మాత్రమే మారడుగును.

ఆ ఎదురుప్రశ్నలో విద్యయంతయు ఇమిడియున్నది. ఇంట బిగించిన బండిలో గాలి నిలువకున్నచో మొట్టమొదట అనుమానింపవలసినది డబ్బిచ్చి కొన్న వస్తువును గాదు, మన చేతితో వేసిన అతుకును. బెలోలు కర్మాగారములో పరీక్షకు నిలిచి వెలువడినవి. అతుకులో, మన ముంగిట, చాలీచాలని వెలుతురులో, బండిక్రింద వెల్లకిల పరుండి, చేయి ఆడని ఇరుకున వేసినవి. అయినను మనుష్యస్వభావమెట్టిదో, నేరమును దూరమున నున్నవానిమీద మోపుట మనకు సులభముగా తోచును. కావుననే చక్కగానున్న బెలోను విప్పి పారవేసి, క్రొత్తది తెచ్చి, అదే అతుకును మరల అట్లే వేసి, అదే గాలిని మరల పోగొట్టుకొనువారు పెక్కుమంది కనబడుచుందురు.

ఈ సాధనమెట్టిదో ముందుగా చెప్పవలెను. మన లారీలకును పికప్పులకును భారమును మోయునవి ఉక్కుపట్టాలు ఒకదానిపై నొకటి పేర్చి బిగించిన కమానుకట్టలు. ఛాసిస్ దూలమునకును వెనుక ఇరుసునకును నడుమ, నూలుపోగుల వంటి నైలాను దారములు పొదిగిన రబ్బరుతో చేసిన బెలో నొకదానిని నిలిపి, అందులో గాలి నింపినయెడల, ఆ గాలి కమానుకట్టకు తోడుపడి భారమున కొంతభాగమును తాను వహించును. కొన్నిటిలో గాలిని చక్రమునకు నింపినట్లే నిప్పలుగుండ నింపుదురు; కొన్నిటిలో బండిలోనే చిన్న కంప్రెషరు, గాలిట్యాంకు, పీడనము తగ్గగనే కంప్రెషరును కదిలించు ప్రెషర్ స్విచ్చి, గాలిని వదలుటకును ఆపుటకును సొలినాయిడ్ వాల్వులు, డ్రైవరు ముందర గేజీ అమర్చియుండును. కమానుకట్టలను పూర్తిగా తొలగించి గాలిపైననే బండిని నిలుపు పద్ధతి వేరు. మన గరుడ బస్సులవంటి వోల్వో వాహనములలో నున్నది అదియే.

గాలిని స్ప్రింగుగా వాడవలెనన్న యూహ పాతది. 1901లోనే విలియం హంఫ్రీస్ అను నతడు వాహనములకు గాలిస్ప్రింగునకై పేటెంటు పొందెను. 1930లలో ఫైర్‌స్టోన్ సంస్థవారి బెలోలు విలియం స్టౌట్ నిర్మించిన స్కారబ్ అను విచిత్రాకారపు కారులో ప్రయోగాత్మకముగా చోటుచేసికొనెను; 1950ల ఆరంభమున అమెరికాలో గ్రేహౌండ్ బస్సులలో స్థిరపడెను. అయితే 1957లో కాడిలాక్ సంస్థవారు ఎల్డొరాడో బ్రూమ్ అను మహార్ఘమైన కారునకు దీనిని అమర్చినపుడు జరిగినకథ మన సూరతు యువకునికి కొంత ఊరట కలిగింపవచ్చును. కోటీశ్వరులకై చేయబడిన ఆ కారు రాత్రిపూట గాలి పోగొట్టుకొని తెల్లవారునప్పటికి నేలకు క్రుంగుచుండుటచే, దాని యజమానులలో అనేకులు విసిగి, గాలి సరంజామానంతయు పీకివైచి మామూలు ఉక్కుస్ప్రింగులనే వేయించుకొనిరి. ఇంకను వెనుకకు పోయినచో, 1659లో రాబర్ట్ బాయిల్ కొరకు రాబర్ట్ హుక్ నిర్మించిన గాలిపంపునకు గూడ అతుకుల బెడదయే ప్రధానశత్రువుగా నుండెను. గాలి పీడనమునకును ఘనపరిమాణమునకును గల సంబంధమును 1662లో లోకమునకు చాటిన ఆ మహాశాస్త్రజ్ఞునికే తప్పని తలనొప్పి మనకు తప్పునా?

లెక్క యొక్కటి చూపెదను. బెలోలో గాలి మోయు భారము రెండిటి గుణకారము: చదరపు అంగుళమునకు ఎన్ని పౌనుల పీడనమున్నది, ఆ పీడనము ఎన్ని చదరపు అంగుళముల మేర పనిచేయుచున్నది. పనిచేయు వ్యాసము ఆరంగుళములున్న బెలోకు వైశాల్యము సుమారు 28 చదరపు అంగుళములు. అందులో 50 పౌనుల పీడనమున్నచో అది మోయునది 1400 పౌనులు, అనగా దాదాపు 640 కిలోలు. రెండువైపుల కలిపి 1280 కిలోలు. ఒకవైపు పీడనము సగమునకు పడిపోయినదనుకొందము. ఆవైపు 320 కిలోల ఆసరా లుప్తమై, ఆ భారము అంతయు కమానుకట్టమీదను, మలుపులలో ఎదుటి చక్రముమీదను పడును. రాత్రికి రాత్రి ముప్పది పౌనులు పోవుట యనగా నిండుబండితో ఘాట్ రోడ్డు దిగువానికి చిన్నవిషయము గాదు.

ఇంతకును, పోయినది నిజముగా గాలియేనా యని మొదట నిర్ధారించుకొనవలెను. కడోదరాలో ఎండకాలపు మధ్యాహ్నమున 40 డిగ్రీల వేడిలో 60 పౌనులు నింపి, ఘాట్లు ఎక్కి, 20 డిగ్రీల చలిలో తెల్లవారుజామున గేజీ పెట్టి చూచితిమనుకొందము. బెలో ఘనపరిమాణము మారదనుకొన్నచో, చిల్లు ఎక్కడను లేకయే ఆ గేజీ 55 పౌనులు చూపును. ఏలయన వాయువు చల్లబడిన కొలది పీడనము తగ్గుట ప్రకృతిధర్మము. (గేజీ చూపు అంకెకు వాతావరణపీడనము 14.7 పౌనులు కలిపి, కెల్విను మానములో వేడిని తీసికొని లెక్కించినచో ఈ ఫలితము వచ్చును. భారమునకు లోబడి బెలో కొంత కుదించుకొనును గనుక వాస్తవమున తగ్గుదల ఇంతకన్న స్వల్పముగా నుండవచ్చును.) అదియునుగాక, గేజీని నిప్పలునకు తగిలించినప్రతిసారి ఆ గేజీ గొట్టము నిండుటకును, తీయునపుడు ‘తుస్సు’మని పోవుటకును కొంత గాలి ఖర్చగును, లారీచక్రములో ఇది లెక్కకు రాదు గాని, లీటరు రెండు లీటర్ల గాలిపట్టు చిన్న బెలోలో ఒక్కొక్క కొలతకు ఒకటి రెండు పౌనులు తరుగుట సహజము. గంటకొకసారి ఆతురతతో కొలుచువాడు తన కొలతతోనే చిల్లును సృష్టించుకొనుచున్నాడు. ఇక సరుకు దింపిన బండిలో బెలో పైకి సాగి, లోపలి చోటు పెరిగి, పీడనము తానై పడును. కావున సరుకు అంతే యున్నపుడు, అదే గేజీతో, ప్రతిదినము అవే వేళలలో రాత్రి ఒకసారి ఉదయమొకసారి కొలిచి, అంకెలను కాగితముపై వ్రాసికొనినగాని తీర్పు చెప్పరాదు. పది పౌనులకు మించిన తేడా ప్రతిదినమును వచ్చుచున్నచో అప్పుడు చిల్లు ఉన్నదని నిశ్చయింపవచ్చును.

పిమ్మట సరంజామానంతను ఒక్కసారి పరీక్షింపబోక ముక్కలుగా విడదీయవలెను. చెరువునుండి పొలమునకు వచ్చు నీరు నడుమ ఎక్కడనో ఇంకిపోవుచున్నదన్న రైతు, కాలువ పొడుగునను వంగి చూచుకొనుచు పోక, ఒక్కొక్క మడవ కట్టివైచి, ఏ గట్టుకు ఇవతల నీరు నిలుచుచున్నదో చూచును. ఇచ్చటను చేయవలసినది అదియే. రెండు బెలోలకు ఒకే గొట్టమునుండి టీ-ఫిట్టింగుతో గాలి పోవునట్లు అమర్చినవానికి ఒకవైపు చిల్లున్నను రెండువైపులను పీడనము పడును గనుక, ఏది దోషియో తెలియదు. తాత్కాలికముగనైనను ఆ గొట్టమును విడదీసి ఇరువైపులకు వేరువేరు నిప్పళ్లు పెట్టవలెను. ఒక్క ఎడమబెలోయే పడుచున్నచో, కుడియెడమల గొట్టములను తారుమారు చేసి మరునాడు చూడవలెను: పడుట ఎడమననే యున్నచో దోషము బెలోలోనో దాని మూతిదగ్గరనో యున్నది, కుడికి మారినచో గొట్టములోనో నిప్పలులోనో యున్నది. కంప్రెషరు గల బండిలో వినుట గూడ ఒక సాధనము. ఇంజను ఆపి, అందరును నిద్రించిన వేళ, కంప్రెషరు దానంతట అది ఒకమారు గుర్రుమని మ్రోగినదా, ట్యాంకువైపు చిల్లున్నదని ఎరుగవలెను. ట్యాంకులో పీడనము నిలిచి బెలోలు మాత్రము క్రుంగినచో సొలినాయిడ్ వాల్వులకు అవతలివైపు వెదకవలెను. బెలోలు నిలిచి ట్యాంకు ఖాళీయైనచో ట్యాంకు అడుగున నీరు వదలు కుళాయిని, కంప్రెషరునకును ట్యాంకునకును నడుమనున్న చెక్ వాల్వును చూడవలెను. చెక్ వాల్వు చెడినచో ట్యాంకులోని గాలి వెనుకకు కంప్రెషరు తలగుండ పోవును. కంప్రెషరు గాలి పీల్చు మూతివద్ద తడిచేసిన వ్రేలుంచినచో ఆ ఊపిరి తగులును.

ఇంతవరకు బండిక్రిందికి పోలేదు. పోవుటకు ముందు ఒక హెచ్చరిక: గాలిపై నిలిచిన బండిక్రింద ఎన్నడును దూరరాదు. చక్రములకు ముందువెనుకల చెక్కలు అడ్డుపెట్టి, ఛాసిస్‌క్రింద బలమైన స్టాండ్లు నిలిపి, గాలి హఠాత్తుగా పోయినను బండి ఒక్క అంగుళమును దిగదని తోసి చూచిన తరువాతనే పని మొదలుపెట్టవలెను. జాకీ యొక్కటి చాలదు.

సబ్బునీళ్ల పరీక్ష చూచుటకు బాలక్రీడవలె నుండును గాని దానికిని ఒక క్రమమున్నది. గిన్నెలు తోము ద్రవపుసబ్బును నీటిలో కలిపి, పిచికారీ సీసాలో పోసి, బెలోలో పీడనమును కిట్టు తయారీదారు అనుమతించిన మేరకు పెంచి (సాధారణముగా నూరు పౌనులకు లోబడియే, ఆ పరిమితిని దాటరాదు), ప్రతి అతుకునందును నిండుగా చిమ్మవలెను. పెద్ద చిల్లు వెంటనే బుడగలను ఊదును. ఒక్కొక్కప్పుడు దాని వేగమునకు నురుగు చెదరిపోయి, ఏమియు లేనట్లు కనబడును. చిన్న చిల్లు మాత్రము తొందరపడువానికి దర్శనమీయదు. ఒకటి రెండు నిమిషములు గడిచిన తరువాత, ఆవగింజలంత తెల్లని నురుగు మెల్లగా ఒకచోట కుప్పపడుచుండును. రాత్రికి ముప్పది పౌనులు త్రాగివేయుచున్నది ఆ కుప్పయే. కావున చిమ్మి వెంటనే ముందుకు సాగక, టార్చిలైటు వేసి, అతుకు నలువైపులను, ముఖ్యముగా కంటికి కనబడని వెనుకవైపును చిన్న అద్దముతో చూడవలెను. గాలి నింపు నిప్పలును మొదట చూచుట మంచిది, అది అన్నిటికంటె అందుబాటులో నున్నది గనుక. పంక్చరు షాపువాడు చక్రమునకు గాలి కొట్టినతర్వాత నిప్పలు కొనమీద ఉమ్మితడి యొకచుక్క రాచి బుడగ వచ్చునేమో చూచుట మనమెరుగుదుము. 1890లలో అమెరికాలో ష్రేడరు పేరిట వెలసిన ఆ చిన్న వాల్వే మన బెలోలకును పెట్టబడినది. దానిలోని పిన్ను కొద్ది రూపాయలకు లభించును. సందేహమున్నచో మార్చివేయుటయే మేలు.

ఇక అసలు రోగస్థానమునకు వత్తము. ఇటీవలి కిట్లలో పెక్కింటిలో గొట్టమును ఫిట్టింగులోనికి త్రోసినంతమాత్రమున పట్టుకొను అతుకులుండును. లోపల పంటి చక్రమొకటి గొట్టమును పట్టి బయటికి రానీయదు. దానికి అవతల రబ్బరు ఓ-రింగు గాలిని పోనీయదు. పట్టుట వేరు, ఆపుట వేరు అను ఈ భేదమును మరచుటయే పెక్కు చిల్లులకు మూలము. లాగినపుడు గొట్టము రాలేదని సంతసించువాడు, అది పంటివరకు మాత్రమే పోయి ఓ-రింగును దాటలేదేమోనని శంకింపడు. త్రోయునపుడు చేతికి రెండు అడ్డంకులు తగులును: మొదటిది పన్ను, రెండవది రింగు. రెండవదానిని గూడ దాటించి, అడుగు తగిలినదాక త్రోయవలెను. ఎంతలోతు పోవలెనో ముందుగనే పెన్నుతో గొట్టముమీద గీత పెట్టుకొన్నవాడు తరువాత ఊహలతో పని లేకుండ గీతను చూచి తెలిసికొనగలడు. గొట్టము కొనను కత్తెరతోనో కటింగ్ ప్లేయరుతోనో నొక్కి త్రుంచినచో అది అండాకారమై, ఏటవాలుగానై, రింగును ఒకచోట పైకెత్తును. పదునైన బ్లేడుతో గొట్టమునకు లంబముగా కోయవలెను. ఒకసారి పెట్టి తీసిన కొనమీద పండ్ల గాట్లు పొడవునా పడియుండును, ఆ గాట్లే గాలికి కాలువలు. కావున తీసినప్రతిసారి అరంగుళము కోసివైచి క్రొత్తకొనను పెట్టవలెను. ఫిట్టింగునకు ఆనుకొనియే గొట్టమును బలవంతముగా వంచినచో అది రింగును ఒకప్రక్కకు ఒత్తి మరియొకప్రక్క వదలుచేయును. ఇరుసు పైకిక్రిందికి ఊగునపుడు గొట్టము బిగుసుకొనకుండ కొంత వదులు విడుచుట, మొదటి రెండంగుళములును తిన్నగా పోనిచ్చుట అవసరము.

ఇంతవరకు చెప్పినది ఎచ్చటి బండికైనను వర్తించును. సూరతువంటి ఊరిలో దీనికి తోడుగా మరియొక విశేషమున్నది. అది నాకు మిక్కిలి ఆసక్తికరముగా తోచినది. ఆ ప్రాంతపు మిల్లులలో పెక్కు పనులు గాలిచేతనే జరుగును; రంగులద్దు యంత్రములలో బట్టను పిండు రోలర్లను ఒత్తిపట్టునది గాలి సిలిండరే. అందుచేత మిల్లు యంత్రసామగ్రి అమ్ము దుకాణములలో గాలిగొట్టములకును ఫిట్టింగులకును కొరత యుండదు. కిట్టులోని గొట్టము చాలకపోయినవాడు పోయి నాలుగు మీటర్లు కొనితెచ్చుకొనును. కాని అమెరికానుండి వచ్చిన కిట్టులోని గొట్టము పావు అంగుళము, అనగా 6.35 మిల్లీమీటర్లు, మన దుకాణములో దొరకునది 6 మిల్లీమీటర్లు. కంటికి రెండును ఒక్కటే. త్రోయునపుడు 6 మిల్లీమీటర్ల గొట్టము పావు అంగుళపు ఫిట్టింగులో అవలీలగా దూరును, పన్ను కొంత పట్టును గూడ. రింగు మాత్రము దానిని ఒరసియునొరయక యుండును. 0.35 మిల్లీమీటరు తేడా, అంతే. ఎండలో గొట్టము మెత్తబడి, రాత్రి చలికి కుదించుకొనినపుడు గాలి ఆ సందుగుండ రాత్రియెల్ల తీరికగా వెడలిపోవును. మరల పోయి అదే గొట్టము తెచ్చి అదే ఫిట్టింగులో పెట్టినవాడు ఎన్ని మార్లు కోసి పెట్టినను ఫలమేమి? ఒకచోట అంగుళపు వ్యవస్థ మొదలుపెట్టినచో చివరివరకు అదియే యుండవలెను, లేదా అన్నియు మిల్లీమీటర్లకు మార్చివేయవలెను.

మరచుట్ల విషయమునను ఇదే చిక్కు. అమెరికా కిట్టులోని పావు అంగుళపు మరకు అంగుళమునకు 18 చుట్లు, ఆ చుట్టుకోణము 60 డిగ్రీలు; మన దేశమున వాడుకలోనున్న బ్రిటిష్ పైపుమరకు అదే పరిమాణములో 19 చుట్లు, కోణము 55 డిగ్రీలు. ఒకదానిలో నొకటి రెండు మూడు చుట్లు చక్కగా పోవును, తరువాత బిగుసును, బిగిసినది గదాయని స్పానరుతో ఇంకను త్రిప్పినచో ఇత్తడి చీలును. ఎన్ని పొరల టెఫ్లాన్ టేపు చుట్టినను ఆ సందు పూడదు. బిగియుట యంతయు సరిపోవుటవలె భ్రమ కల్పించుటచే ఈ తప్పు దీర్ఘకాలము దొరకదు. సరియైన మరయందు గూడ టేపును చివరి చుట్టు వదలి, మర బిగియు దిక్కుననే చుట్టవలెను. చివరి చుట్టుమీద చుట్టిన టేపు తునకలు తెగి గాలితోపాటు పోయి సొలినాయిడ్ వాల్వు నోటిలో చిక్కుకొని, అది పూర్తిగా మూయబడకుండ చేయును. ఒక చిల్లు మూయబోయి మరియొక చిల్లు తెరచుట యన్నది ఈ వృత్తిలో అలంకారోక్తి గాదు.

బెలో నిజముగా చెడుట అరుదైనను లేకపోలేదు. గాలి నింపిన బెలో చుట్టును ఒక అంగుళము సందు లేకున్నచో అది కమానుకట్ట క్లాంపునకో బ్రేకు పైపునకో టైరునకో ఒరసి, కొన్నివేల కిలోమీటర్లకు అరగును. సైలెన్సరునకు దగ్గరగా బిగించినచో వేడికి రబ్బరు పెళుసుబారును. నడుమ ఒక రేకు అడ్డముంచుట చౌకైన వైద్యము. గాలి లేకుండ ఖాళీ బెలోతో బండి తోలుట అన్నిటికంటె హానికరము, ఏలయన గుంటలో పడినపుడు మడతలు రెండు ఇనుపబిళ్లల నడుమ నలిగి చీలును. సరుకు లేనపుడు గూడ కనీసము అయిదు పౌనులుంచవలెనని కిట్టులవారు చెప్పుట ఇందులకే. అనుమానము తీరకున్నచో బెలోను విప్పి, కొద్దిపాటి గాలి మాత్రము నింపి, పంక్చరు షాపువాని నీళ్లతొట్టిలో ముంచి చూడవచ్చును. పైన క్రింద ఆధారము లేని బెలోలో హెచ్చు గాలి నింపుట ప్రమాదము. దాని బిళ్లలు ఊడి తుపాకిగుండువలె ఎగురగలవు. చిల్లు దొరికినచో దానికి ట్యూబు పంక్చరువలె అతుకు వేయవలెనను ఆశ విడువవలెను. దారపుపొర తెగిన రబ్బరు మడతపడినప్రతిసారి ఆ యతుకును ఊడదీయును.

కంప్రెషరు చెడుటను చూచి దానిని నిందించుట మరియొక సామాన్యమైన పొరపాటు. ఆ చిన్న యంత్రములు నిరంతరముగా పనిచేయుటకై చేయబడినవి గావు. కొంతసేపు నడచి, కొంతసేపు చల్లారవలెను. ఎక్కడనో ఒక చిల్లున్నచో ప్రెషర్ స్విచ్చి దానిని పదేపదే మేల్కొలుపును, చివరకు పిస్టన్ రింగులు అరగి అది కూలును. క్రొత్త కంప్రెషరును తెచ్చి చిల్లు మూయకయే బిగించినవాడు దానికి గూడ మరణశాసనము వ్రాసినట్లే. మిల్లులలోనైనను ఇట్లే: కంప్రెషర్లు చేసిన గాలిలో అయిదవవంతునుండి మూడవవంతువరకు అతుకులలోనే వ్యర్థమగుట సాధారణమని ఇంధనపొదుపు నిపుణులు చెప్పుదురు. ఇక సముద్రమునకు దగ్గరగానున్న ఆ ప్రాంతమున వానాకాలపు గాలి నీటిగాలి. పీడనముచే కుదించినపుడు అందులోని తేమ ట్యాంకులో నీరై నిలుచును, ట్యాంకు లోపల తుప్పు పట్టును, తుప్పుపొడి వాల్వుల నోళ్లకు చేరును. వర్షర్తువులో దినమునకొకమారు ట్యాంకు కుళాయి తెరచి నీరు వదలుట మరువరాదు.

పెద్ద లారీలవారికి కంప్రెషరు కొనుట వృథాఖర్చుగా తోచి, బ్రేకులకు గాలినిచ్చు ట్యాంకునుండియే ఒక గొట్టమును లాగి బెలోలకు కలుపుదమను ఆలోచన వచ్చుట కద్దు. ఇది నా యభిప్రాయమున అన్ని పొదుపులలోను అతినీచమైనది. బ్రేకు ట్యాంకు పీడనము నిర్ణీతపరిమితికి దిగగానే తనంతట మూసికొను రక్షకవాల్వు నడుమ లేనిచో, బెలోగొట్టము పగిలిన క్షణమున బ్రేకుల గాలి గూడ పోవును. అట్టి వాల్వులు ఉన్నవి, కర్మాగారములలో లిఫ్ట్ యాక్సిల్ బెలోలు బిగించువారు వానిని వాడుదురు. కాని ఇంటిముందర స్పానరుతో చేయుపని అది గాదు. అట్లే బెలో పెట్టినందున బండి మోయగల చట్టబద్ధమైన భారము ఒక్క కిలోయును పెరుగదు; 2018లో కేంద్రప్రభుత్వము ఇరుసుభారపు పరిమితులను పెంచినది గాని అది ప్రభుత్వము చేసిన మార్పు, మన బెలో చేసినది గాదు. మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, రిజిస్ట్రేషను పత్రములోని వివరములకు విరుద్ధముగా బండిని మార్చుటను నిషేధించును. కావున ఏ కిట్టునైనను కొనునపుడే ఆర్టీవో కార్యాలయములో విచారించుట వివేకము.

చిల్లు దొరికి, మూసి, సబ్బునీళ్లకు బుడగ రానంతమాత్రమున పని ముగిసినట్లు గాదు. పీడనమును అరవైకి పెంచి, ఎడమకు కుడికి వేరువేరుగా అంకెలు వ్రాసికొని, మరునాటి తెల్లవారుజామున అదే గేజీతో ఒకేసారి కొలవవలెను. తరువాత నిండు సరుకుతో ఒక ప్రయాణము చేసి, బోల్టులను మరల బిగించి, అదే కొలత మరల తీయవలెను. క్రొత్తగా బిగించిన బ్రాకెట్లు మొదటి కొన్నివందల కిలోమీటర్లలో సర్దుకొని గొట్టమును లాగుట సర్వసాధారణము. ఇంత చేసిన తరువాత నెలకు రెండు మూడు పౌనులు తగ్గుచున్నచో అది రబ్బరుగోడల గుండ మెల్లగా ఇగిరిపోవు గాలి. దానికై వెదకుట మాని, చక్రములకు గాలి కొట్టించుకొను రోజుననే బెలోలకు గూడ కాస్త నింపుకొనవలెను.